రాజావారి కంప్యూటరు కడుపులో కంప్యూటరు

చింతలదుర్గం రాజు విజయకేతుడికి కంప్యూటరు పిచ్చి పట్టింది. ఒకటి చాలక, దాని కడుపులో ఇంకో కంప్యూటరు పెట్టించుకున్నాడు. వర్చువల్ మెషీన్ అంటారట!

రాణిగారి పుట్టినరోజుకి ఆ లోపలిదాంట్లో రహస్యంగా ఓ పద్యం రాసుకున్నాడు. అచ్చుయంత్రం తగిలించింది బయటిదానికి; తీరా అచ్చు వేయిద్దామంటే, లోపలిది ఎంత పిలిచినా బయటిది పలకదు. రాణిగారు సభకి వచ్చే వేళయింది.

ఈ ఏర్పాటంతా చేసింది ఆస్థాన యంత్రవిద్వాంసుడు శరభశాస్త్రి. తప్పు ఒప్పుకుంటే ఆయన శరభశాస్త్రి ఎందుకవుతాడు?

"బయటిదాన్ని పిలవడానికి నేనిచ్చిన చిరునామా సరైనదే ప్రభూ! బయటిదాంట్లో కొట్టి చూశాను, టక్కున పలికింది. యంత్రాన్ని ఎడ్లబండిలో కుదిపి తెచ్చాడు ఈ కూర్మయ్య. అందుకే లోపలిది మూగబోయింది."

కూర్మయ్య ముప్పై ఏళ్లుగా కోటలో ఉత్తరాలు చేరవేసే బంట్రోతు. రాజుకి ఒళ్లు మండింది.

"రాణి వచ్చేలోగా ఇది పలక్కపోతే నీ కొలువు ఊడినట్టే!"

కూర్మయ్య యంత్రం ముందుకి వచ్చాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? ముందు చిరునామా చూశాడు. 127.0.0.1 అని ఉంది.

"దీనర్థం ఏమిటి శాస్త్రిగారూ?"

"'నేనున్న చోటు' అని! ఏ యంత్రంలోనైనా పనిచేస్తుంది," అన్నాడు శాస్త్రి మీసం దువ్వుతూ.

"అయితే తమరు ఆ పక్కగదిలో కూర్చుని రాజావారికో చీటీ రాయండి. పైన చిరునామా మాత్రం అదే వేయండి."

శాస్త్రి దర్జాగా వెళ్లి, 'నేనున్న చోటు' అని వేసి చీటీ ఇచ్చాడు. కూర్మయ్య అది చదివి, చీటీని మళ్లీ ఆయన చేతిలోనే పెట్టి తిరిగొచ్చాడు.

"ఏమోయ్, చీటీ నాకు రాలేదే?" అన్నాడు రాజు.

"చిరునామా ప్రకారం చేర్చేశాను ప్రభూ. శాస్త్రిగారే చదువుకుంటున్నారు."

రాజు తెల్లబోయాడు. కూర్మయ్య చేతులు కట్టుకున్నాడు.

"లోపలి యంత్రం మూగది కాదు ప్రభూ. పొద్దుట్నుంచీ పాపం తన తలుపు తానే కొట్టుకుంటోంది!"

సభ గొల్లుమంది. బయటి యంత్రం అసలు చిరునామా కనుక్కుని, కూర్మయ్య దాన్ని లోపలిదాంట్లో కొట్టించాడు. వెంటనే బయటిది పలికింది. రాణిగారు గుమ్మంలో అడుగుపెట్టేసరికి పద్యం వేడివేడిగా రాజు చేతిలో ఉంది.

రాజు తన జరీ శాలువా తీసి కూర్మయ్యకి కప్పి, చుట్టూ చూశాడు.

"శాస్త్రి ఏడీ?"

"చీటీ మీద రాసిన చోటే ఉన్నారు ప్రభూ!"

ఈసారి రాణిగారు కూడా పకపకా నవ్వేశారు.