ముగియని బంతి

ఒకానొక రాజ్యాన్ని ప్రతాపమార్తాండుడనే రాజు ఏలేవాడు. ఏలేవాడనడం కంటే మేసేవాడనడం న్యాయం. కోట గోడ ఎత్తు పెంచాలని బుద్ధి పుట్టి, డబ్బు చాలక, పూటకూళ్ళ ఇళ్ళలో వేసే ప్రతి విస్తరి మీదా పన్ను వేశాడు.

ఆ గోడకు రాళ్ళు మోసేది పొరుగూళ్ళ కూలీలు. వాళ్ళకు కోట ఊళ్ళో ఇల్లూ లేదు, పొయ్యీ లేదు. సూరాంబ పూటకూళ్ళ ఇల్లే దిక్కు. పన్ను పడ్డాక అక్కడి భోజనం ధర రోజు కూలిని మించిపోయింది. కూలీలు నీళ్ళు తాగి రాళ్ళు మోశారు. అంకన్న అనే కూలీ నెత్తిన రాయి ఉండగానే కూలిపోయి ప్రాణం విడిచాడు.

ఆస్థాన విదూషకుడు బొల్లన కడుపు రగిలింది. సభలోనే అడిగేశాడు.

"మహాప్రభూ, విస్తరి పన్ను తీసెయ్యండి. జనం మాడిపోతున్నారు."

"ఏడ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు," అన్నాడు రాజు. "ఆ భోజనం ఆ ధరకు తగునో తగదో నేనే తిని చెబుతా. తగినదైతే నీ నాలుక కోయిస్తా."

"చిత్తం. కానీ పూటకూళ్ళ ఇంట్లో రాజుకైనా కూలీకైనా బంతి ఒక్కటే, ప్రభూ."

"బంతి మర్యాద నాకు నేర్పుతావా? పక్కవాడు తినడం ముగియకుండానే బంతిలోంచి లేచాడని సొంత బావమరిదినే కొలువులోంచి తరిమినవాణ్ణి!"

మర్నాడు రాజు సూరాంబ ఇంట పీట మీద కూర్చున్నాడు. అదే వరసలో కూలీలు కూర్చున్నారు. సూరాంబ రాజుకు వేడన్నం, ముద్దపప్పు, గోంగూర వడ్డించి నెయ్యి ధారగా పోసింది. రాజు పక్క విస్తళ్ళ వంక చూడకుండా ఆవురావురుమని తిన్నాడు.

"భేష్! ఎంత ధరైనా తగును. బొల్లనా, నాలుక చాపు," అంటూ లేవబోయాడు.

"బంతి ముగియలేదు, ప్రభూ."

రాజు అప్పుడు చూశాడు. కూలీలు ఖాళీ విస్తళ్ళ ముందు తలలు వంచుకుని ఉన్నారు.

"వీళ్ళకు వడ్డించలేదేం?"

"పన్ను కట్టందే వడ్డిస్తే నా ఇల్లు జప్తు చేస్తారు, మారాజా," అంది సూరాంబ. "వీళ్ళ దగ్గర అంత లేదు."

రాజు వెంట వచ్చిన సామంతులంతా గుమ్మంలోంచి చూస్తున్నారు. లేస్తే మర్యాద పోతుంది. లేవకపోతే ఎంగిలి చెయ్యి ఎండిపోతోంది. రాజు పళ్ళు నూరి, చివరికి పకపకా నవ్వేశాడు.

"కట్టిపడేశావురా బొల్లనా! వడ్డించమ్మా. ఈ పూటకే కాదు, ఇక ఏ పూటకూ పన్ను లేదు."

మెడలో హారం తీసి బొల్లన మీదికి విసిరాడు. కూలీలు తిన్నారు. రాజు మళ్ళీ లేవబోయాడు.

"ఇంకొక్క విస్తరి, ప్రభూ."

వరస చివర వడ్డించిన విస్తరి ఒకటి ఉంది. దాని ముందు ఎవరూ లేరు.

"ఎవరిది?"

"అంకన్నది. ఈ భోజనం అందక గోడ దగ్గర ప్రాణమే ఇచ్చాడు. ఆ ధరకు తగునో తగదో అదీ తమరే సెలవియ్యాలి."

రాజు ముఖంలో నవ్వు చచ్చిపోయింది. మళ్ళీ పీట మీద కూర్చుని అడిగాడు, "వాడికి ఎవరున్నారు?"

"పెళ్ళాం. బయట అరుగు మీద ఉంది."

"లోపలికి రా, తల్లీ," అని రాజే పిలిచాడు.

ఆమె వచ్చి ఆ విస్తరి ముందు కూర్చుంది. ఒక్కొక్క మెతుకే నోట్లో పెట్టుకుంది. ఆమె తిని లేచేదాకా రాజు లేవలేదు.