బిగించిన తీగ

గడ్డి కోస్తూ తనంతట తానే నడిచే యంత్రం బంగళాకు వచ్చింది. అయినా తోటపని చేసే నూకాలమ్మకు గుక్కెడు గంజి తాగే తీరిక మాత్రం రాలేదు. పిడి వదిలితే, దాని నుంచి చక్రాలకు వెళ్లే తీగ వదులై యంత్రం ఆగిపోయేది. అది ఆగితే దివాను భుజంగరావుకు ఒళ్లు మండేది.

"గంజి తాగడానికే ఆపుతున్నావు! ఇక ఆగకుండా చక్రాల తీగ బిగించవే!"

"తీగ కాస్త వదులుండాలి బాబయ్యా."

"నాకే చెబుతావా? బిగించు!"

పళ్లు కొరుక్కుంటూ బిగించింది. యంత్రాన్ని మళ్లీ నడిపించి, పిడి వదిలేసి, గట్టున కూర్చుని గంజి ముంత ఎత్తింది. యంత్రం ఆగకుండా దివానుగారి గులాబీలను నరుక్కుంటూ పోయింది. ఆయన పరుగెత్తి పిడి పట్టుకుంటే ఆయన్నీ ఈడ్చుకుపోయింది.

"ఆపవే!"

"తీగ వదులు చేస్తేగానీ అది ఆగదు. నేను లేస్తేగానీ తీగ వదులు కాదు. ఈ గంజి అయితేగానీ నేను లేవను బాబయ్యా!"