వరదమ్మకు జ్వరమొచ్చిన వేళ

అనగా అనగా, ఏటి ఒడ్డున ఒక చిన్న రాజ్యం. అక్కడి వైద్యశాలలో వరదమ్మ అనే పరిచారిక ఉండేది. వైద్యుడు మందు చెప్పి వెళ్ళేవాడు. ఆ మందు తాగించడం, పుండ్లు కడగడం, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడం అంతా ఆమె వంతు.

"పాపం, మెత్తని మనసు. అందుకే చేస్తోంది" అనుకునేవారు జనం. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

ఒక ఏడాది వానలకు విషజ్వరాలు వచ్చాయి. రోగులకు సేవ చేసి చేసి వరదమ్మే ఆ వైద్యశాలలో మంచం పట్టింది. లేవబోతే కళ్ళు తిరిగాయి. "అయ్యో, వీళ్ళనెవరు చూస్తారు?" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

సంగతి తెలిసి మల్లయోధుడు వీరభద్రుడు పరుగున వచ్చాడు. "నువ్వు పడుకో అక్కా, నేను లేనూ!" అంటూ ఒక ముసలాయనను పక్కకు తిప్పాడు.

"చచ్చాన్రా నాయనా!" అని కేకపెట్టాడు ఆయన.

"మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టు తమ్ముడూ. మెల్లిగా" అంది వరదమ్మ.

తరువాత మిఠాయి శెట్టిగారు వచ్చారు. ఒక పసిపిల్ల నోట్లో కషాయం గబుక్కున పోశారు. పిల్లకు పొలమారింది. ఊపిరాడక గిలగిల్లాడింది.

వరదమ్మ మంచం మీంచి సగం లేచింది. "ముందుకు వంచి వీపు తట్టండి శెట్టిగారూ!" అని అరిచింది. పిల్ల కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే వరదమ్మకు ప్రాణం లేచివచ్చింది.

ఆ తరువాత మహారాజే వచ్చాడు. ఒక అవ్వ దగ్గర కూర్చుని, "ఏం కావాలవ్వా?" అన్నాడు.

"ఏమీ వద్దు" అంది అవ్వ. రాజు లేచాడు.

"వెళ్ళకండి ప్రభూ!" అంది వరదమ్మ. "నిన్నటిదాకా నన్ను తిట్టి మరీ నీళ్ళు తెప్పించుకుంది. ఇవాళ ఏమీ వద్దంటోందంటే ఏదో తేడా. చేతులు పట్టి చూడండి."

చేతులు మంచులా ఉన్నాయి. రాజు కబురంపాడు, వైద్యుడు పరుగెత్తుకొచ్చాడు, అవ్వ బతికింది.

వరదమ్మ కోలుకున్నాక రాజు ఆమెను సభకు పిలిచి, పండితుల సరసన కూర్చోబెట్టాడు. "తల్లీ, నీది మంచి మనసనే అనుకున్నాం. ఇంత విద్య ఉందని ఎరగం. ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"నాతోపాటు ఈ పని నేర్చుకునేవాళ్ళు కావాలి ప్రభూ. ఒక్కదాన్నయిపోయాను" అంది వరదమ్మ.

అందరికంటే ముందు వీరభద్రుడు లేచాడు. "నేర్పు అక్కా, ఈసారి మెల్లిగానే తిప్పుతాను" అన్నాడు. సభంతా నవ్వింది. వరదమ్మ కళ్ళు తుడుచుకుంటూ తనూ నవ్వింది.

రోగిని కనిపెట్టుకుని ఉండడానికి మంచి మనసుతోపాటు గొప్ప నేర్పూ కావాలి. ఆ నేర్పు గలవారిని గౌరవించి, వారికి తోడు నిలవడం మన ధర్మం.