వెనక రెక్కల పట్టు

జానీబాషా మాస్టారు ఏ ప్రశ్నకూ అడిగిన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. తెనాలిలో ఆయన దగ్గర కంప్యూటర్ల మరమ్మతు నేర్చుకున్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. వాళ్ళలో ఒకడైన ఏసోబు చెప్పగా విన్నది ఇది.

ఏసోబు పని నేర్చుకుని సొంతంగా షాపు పెట్టుకోబోతున్న రోజులవి. ఒక ఉదయం మాస్టారుతో అన్నాడు: "మాస్టారూ, నాకీ విద్య మీరు నేర్పారు. ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ ఊళ్ళో అందరూ ఇదంతా మా అక్క చలవే అంటున్నారు. అక్కకి కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు. నా పనితనంలో ఆమె చేసిందేముంది?"

అమ్మానాన్నలు పోయాక ఏసోబును పెంచింది అక్క దయామణే. మాస్టారుకు అది తెలుసు.

అంతలో గుమ్మం ముందు ఆటో ఆగింది. హైమావతి అనే ఆవిడ కంప్యూటర్‌ను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగింది. వెనకే ఆమె భర్త శేషగిరి. గొంతు ఆపరేషన్‌తో ఆయనకు మాట పోయింది. ఆయన టైపు చేస్తే కంప్యూటర్ పైకి చదువుతుంది. ఆయన మాటంటే ఇప్పుడదే.

"మధ్యమధ్యలో ఆగిపోయేదండీ. నిన్నటి నుంచి అసలు లేవడంలేదు," అందామె. "ఇల్లంతా మూగబోయినట్టుంది."

ఏసోబు మూత తీసి చూశాడు. పవర్ సప్లై నుంచి వచ్చే తీగల్లో ఒకటి కనెక్టర్‌లోని పిన్ను దగ్గర తెగి ఉంది. తీగ చివర ఒలిచి, కొత్త పిన్నులో పెట్టి, పట్టకారుతో నొక్కి బిగించాడు. కంప్యూటర్ వెలిగింది. హైమావతి చేతులు జోడించబోయింది.

"ఉండమ్మా," అని మాస్టారు ఆ తీగల కట్టను అటూ ఇటూ వంచారు. కంప్యూటర్ ఆరిపోయింది. శేషగిరి ముఖం వాడిపోయింది.

ఏసోబు పిన్ను బయటికి తీసి చూసుకున్నాడు. దానికి రెండు జతల రెక్కలుంటాయి. ముందువి రాగి పోగులను పట్టుకుంటాయి, వెనకవి తీగ పైనున్న ప్లాస్టిక్ తొడుగును. అతను ముందువే నొక్కాడు. వంచేసరికి పోగులు తెగిపోయాయి.

"వెనకవాటిలో కరెంటు పారదు కదా అని వదిలేశాను మాస్టారూ."

"పారదు," అన్నారాయన. "లాగుడు మాత్రం అవే భరిస్తాయి."

ఏసోబు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి రెండు జతలూ నొక్కి, తనే తీగను వంచి చూశాడు. కంప్యూటర్ ఆగలేదు. శేషగిరి కుర్చీ దగ్గరికి జరుపుకుని టైపు చేశాడు.

"హైమా, నువ్వు పొద్దున్నుంచి ఏమీ తినలేదు," అంది కంప్యూటర్, ఎత్తూ పల్లమూ లేని గొంతుతో.

ఆమె నవ్వబోయి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆయన ఏసోబు వైపు కాసేపు చూసి మళ్ళీ కీబోర్డు మీదికి వంగాడు.

"బాబూ, నిన్ను పెంచినవాళ్ళు చల్లగా ఉండాలి."

వాళ్ళు వెళ్ళిపోయాక ఏసోబు పట్టకారు పక్కన పెట్టాడు. నెమ్మదిగా అన్నాడు.

"మాస్టారూ, ఆ దీవెన నాకు కాదు, మా అక్కకి కదూ?"

"మరి నీ దగ్గరెందుకు ఉంచుకున్నావు?" అన్నారు మాస్టారు.