అచ్చియ్యమ్మ ఇంట్లో అనకూడని మాటలు

అనగనగా కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మని ఒక అత్తగారు. ఆవిడకి ముత్యాలని ఒక కొత్త కోడలు. ముత్యాలు మంచి పిల్లే, పనిమంతురాలే. కాకపోతే నోరు ఊరుకునేది కాదు. మనసులో ఏదొస్తే అది బయటికి అనేయాల్సిందే. అచ్చం నీలాగే.

అచ్చియ్యమ్మకేమో మాట పట్టింపు. సందెవేళ ఇళ్ళ మీదుగా తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, ఎవరేమన్నా 'తథాస్తు' అనేస్తారనీ ఆవిడ నమ్మకం. మంచి అన్నా అంతే, చెడు అన్నా అంతే. ఆ దేవతలకి వినడమే గానీ ఆలోచించడం ఉండదు మరి. అందుకని ఆ ఇంట్లో 'లేదు' అనకూడదు, 'ఆరిపోయింది' అనకూడదు, 'వెళ్తాను' అసలే అనకూడదు. పగలైనా సరే, ఎందుకొచ్చిన గొడవని ఆవిడ అననిచ్చేది కాదు.

ఇలా ఉండగా ముత్యాలు పుట్టింటి నుంచి కబురొచ్చింది. వాళ్ళన్నకి కొడుకు పుట్టాడట. మేనత్త వచ్చి ఉయ్యాల్లో వేస్తే గానీ పేరు పెట్టరట. ఇంక ముత్యాలుకి కాళ్ళు నేల మీద ఆగలేదు. అన్నం తింటూ మేనల్లుడే, గిన్నెలు తోముతూ మేనల్లుడే.

అప్పుడు అచ్చియ్యమ్మ ఒక పందెం పెట్టింది. మీ అన్న బండి కట్టుకొచ్చి నువ్వు అందులో ఎక్కేదాకా ఆ మూడు మాటల్లో ఒక్కటీ నీ నోట రాకూడదు, వచ్చిందా, ప్రయాణం మానుకోవాల్సిందే అంది. ముత్యాలు, ఓస్ అదెంత పని అంది. నోరు కట్టుకోవడం ఎంత కష్టమో దానికింకా తెలీదు పాపం.

మర్నాడు పొద్దున్నే వంటకని బియ్యం కుండలో చెయ్యి పెట్టింది. చెయ్యి అడుక్కి తగిలింది. 'అత్తా, బియ్యం లే...' అనబోయి గబుక్కున నోరు నొక్కుకుంది. ముందు కుండ తెచ్చి బోర్లించి చూపించింది. అచ్చియ్యమ్మ కావాలనే అటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత, 'కుండలో చోటు చాలా ఉందత్తా' అని చూసింది. అచ్చియ్యమ్మకి నవ్వొచ్చింది గానీ కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ముత్యాలుకి ఒక ఆలోచన తట్టింది. ఆ దేవతలు ఏమన్నా సరే అనేవాళ్ళే కదా, ఆ అనేదేదో మంచి మాటకే అననీ అనుకుంది. 'అత్తా, బియ్యం నిండుకున్నాయి' అంది. అచ్చియ్యమ్మ వెంటనే ధాన్యం మరాడించుకు రమ్మని కొడుకుని పంపింది.

ఆ తర్వాత సాయంత్రం గాలి లేచింది. దేవుడి గూట్లో దీపం టప్పున ఆరిపోయింది. నేను అనొచ్చులే, పందెం నాకు కాదుగా. అత్తగారు పెరట్లో గేదెకి గడ్డి వేస్తూ, ఇల్లు చీకటిగా ఉందేమే, దీపం ఏమైందని అడిగింది. ముత్యాలు గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఎదురుగా కొండ. కొండ మీది గుళ్ళో పూజారి అప్పుడే పెట్టిన దీపం మినుకుమినుకుమంటోంది. 'మన దీపం కొండెక్కిందత్తా' అంది. అచ్చియ్యమ్మ కొండకేసి చూసి దణ్ణం పెట్టుకుని, లోపలికొచ్చి గూట్లో మళ్ళీ వెలిగించింది.

ఈ సంగతి వీధంతా తెలిసిపోయింది. పిల్లలు చింతగింజలు పందెం కాసి అదే ఆట మొదలెట్టారు. నీ బొంగరం ఏదిరా అని ఒకడు అడగాలి, రెండోవాడు లేదనకుండా చెప్పాలి. ఊరు చూడ్డానికెళ్ళిందన్నాడొక గడుగ్గాయి. వాడికి దోసెడు గింజలొచ్చాయి.

అప్పుడు ఒక పొద్దున అన్న బండి కట్టుకుని రానే వచ్చాడు. అచ్చియ్యమ్మ పిల్లాడికి మొలతాడు, బాలింతకి కారప్పొడి, అందరికీ సున్నుండలు మూటలు కట్టి బండిలో పెట్టించింది.

ముత్యాలు అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టి లేచింది. పుట్టింట్లో అయితే 'వెళ్తా' అని కేకేసి బండెక్కేసేది. ఇక్కడేమనాలి? ఏమీ అనకుండా ఎక్కేస్తే పందెం గెలిచినట్టే. కానీ పెద్దావిడకి చెప్పకుండా గడప దాటడానికి మనసొప్పలేదు. అన్నేమో ఎండెక్కుతోందని తొందర పెడుతున్నాడు.

అప్పుడు అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ కోడల్ని చూడ్డం లేదు, బండి వెళ్ళే దారిని చూస్తోంది. ముత్యాలు రాకముందు, కొడుకు పొలానికెళ్తే ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. మాట్లాడ్డానికి గేదె ఉండేది, అంతే. ఇల్లంతా సందడి చేసే ఈ పిల్ల పుట్టింటికెళ్ళి అక్కడే ఉండిపోతే? ఆవిడ భయమల్లా అదే. ముత్యాలుకి అది అర్థమైంది.

'వెళ్ళొస్తానత్తా' అంది.

అలాంటి మాట ఆ ఊళ్ళో అంతవరకూ ఎవరూ అనలేదట. వెళ్తానన్నవాళ్ళున్నారు, వస్తానన్నవాళ్ళున్నారు. రెండూ కలిపి ఒకే మాట చేసింది మాత్రం ముత్యాలే. అచ్చియ్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, 'వెళ్ళిరా అమ్మా' అంది. అదిగో, అప్పట్నుంచీ ఎవరు ఇల్లు కదిలినా మనం అలాగే చెబుతాం.

ఆ తర్వాత ముత్యాలు వెళ్ళింది, మేనల్లుణ్ణి ఉయ్యాల్లో వేసింది, వదినతో తనివితీరా మాట్లాడుకుంది. ఇంకో వారం ఉండవే అని అన్న బతిమాలితే, అత్తకి మాటిచ్చానని బయల్దేరి వచ్చేసింది. గడపలో కాలు పెడుతూ మొదలెట్టిన కబుర్లు అన్నాలయ్యేదాకా ఆగలేదు. ఆ కబుర్లలో అనకూడని మాటలు ఎన్ని దొర్లాయో లెక్కలేదు. అచ్చియ్యమ్మ ఒక్కదానికీ అడ్డు చెప్పకుండా, ఇంకొంచెం నెయ్యి వేసి, 'ఊఁ, తర్వాత?' అంటూ కూర్చుంది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
కాకమ్మ గూటికి,
మనమేమో ఇంటికి.