చేతికంటిన గంధం

నీలాద్రికి తిక్క రేగింది. ఇంత గంధం పూయించుకున్నందుకు గురువుగారు తోటి శిష్యులందరిముందూ నిలబెట్టి అడగడమేమిటి?

వైద్యం నేర్పే శరభయ్యగారి ఇంట్లో ఒక కట్టడి ఉంది. మందుదినుసులు అమ్మేవాళ్ళ దగ్గర శిష్యులు తమలపాకు కూడా పుచ్చుకోకూడదు. దినుసులు ఎంచి తెచ్చే పని నీలాద్రిది. కొట్టుకు వెళ్ళినప్పుడల్లా షావుకారు గవరయ్య "రండి రండి, వైద్యులుగారూ!" అని పీట వేసి, రెండు చేతులకూ చల్లగా గంధం పూసేవాడు. ఈరోజూ పూశాడు. ఇంకా చదువు పూర్తికాని నీలాద్రిని వైద్యులుగారూ అని పిలిచింది ఈ లోకంలో గవరయ్య ఒక్కడే.

"గంధం పూయించుకోవడం కూడా పుచ్చుకోవడమేనా, గురువుగారూ?" అన్నాడు నీలాద్రి. "మూట కట్టి తెచ్చుకున్నానా? మర్యాద చేస్తే చెయ్యి వెనక్కి లాక్కోమంటారా? చిటికెడు గంధానికి అమ్ముడుపోయే మనిషిలా కనిపిస్తున్నానా మీకు?"

శరభయ్యగారు లోపలికెళ్ళి రెండు అశ్వగంధ వేర్లు తెచ్చారు. ఒకటి పెరట్లో అప్పుడే తవ్వింది. రెండోది నీలాద్రి గవరయ్య కొట్టునుంచి తెచ్చిన సంచిలోది.

"కళ్ళు మూసుకో. ఏది మంచిదో చెప్పు."

గుర్రం వాసన వేస్తేనే అశ్వగంధ. ఆ ఇంట్లో మొదటిరోజు చెప్పే పాఠం అది. నీలాద్రి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చల్లటి వాసన, హాయిగా ఉంది.

"రెండూ మంచివే," అన్నాడు.

గురువుగారు ఆ వేర్లు పట్టుకుని అరుగు మీదికి నడిచారు. నీలాద్రి విసవిసా వెనకే వెళ్ళాడు. అక్కడ చాప మీద జట్కా తోలే మస్తానయ్య భార్య కోటమ్మ పడుకుని ఉంది. జ్వరం తగ్గి నెలయింది. నీలాద్రి కాచిన అశ్వగంధ కషాయం పూటపూటా తాగుతూనే ఉంది. ఇంకా లేచి నిలబడలేదు.

"అమ్మా, వీటి వాసన చూడు."

మొదటిది చూసి ఆమె నవ్వింది. "ఇది మా గుర్రమే, అయ్యా! చెమట పట్టినప్పుడు అచ్చం ఇంతే."

రెండోది ఇటు తిప్పీ అటు తిప్పీ చూసింది. "ఇందులో ఏముంది? ఉత్త మట్టి." వేరు పక్కన పెట్టింది. "నాకు కాస్తున్నది ఏదయ్యా?"

శరభయ్యగారు ఆ రెండో వేరే చూపించారు.

ఆమె తల తిప్పి నీలాద్రిని చూసింది. "నెల్రోజులు మట్టి తాగించావా, బాబూ? బండివాడి పెళ్ళానికి తెలిసిన వాసన, చదువుకునే నీకు తెలియలేదా?"

నీలాద్రి మొహం కందిపోయింది. ఒక్క గంతులో అరుగు దిగాడు.

"ఆ గవరయ్యని వదిలిపెట్టను! నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాను!"

"వెళ్ళు, నాయనా," అన్నారు శరభయ్యగారు. "ముందు చేతులు కడుక్కో."

కోటమ్మ పడుకునే, తన పక్కనున్న నీళ్ళ చెంబును అతనివైపు జరిపింది.