తలకిందుల బండి, నిలువు బొమ్మ

రండి తల్లీ, రండి నాయనా, కూర్చోండి. వెనకవాళ్ళకు వినిపిస్తోందా? ముందువాళ్ళు కాస్త సర్దుకోండి. నోరులేని జీవాల్లోనూ కొలువున్న ఆ స్వామికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఈ కథలో మాత్రం వాటికి నోరుంది. కొంచెం ఎక్కువే ఉంది.

ఒక అడవిలో, వాగు ఒడ్డున, బండ్లు కట్టే సాల ఒకటుండేది. తొలకరి పడేలోగా గడ్డినంతా మెరక మీదికి చేరవేయకపోతే వానాకాలం పొడుగునా పస్తే. అందుకని ఎండలు ముదిరితే చాలు, ఆ సాలలో సుత్తి చప్పుడు ఆగేది కాదు.

అక్కడి పని పద్ధతి ఒకటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. బండిని తలకిందులుగా, ఇరుసు పైకి వచ్చేట్టు పడుకోబెట్టి, అప్పుడు చక్రాలు ఎక్కిస్తారు. చక్రం జారిపోకుండా ఇరుసు కొసన ఉన్న బెజ్జంలో ఒక ఇనుప చీల దిగేస్తారు. మేకులాంటిదే, ఒక పక్క మొన, ఒక పక్క లావుపాటి తల. అన్నీ అయ్యాక ఏనుగు తొండం వేస్తుంది, అందరూ "గోవిందా!" అంటారు, బండి తిరగబడి తన చక్రాల మీద తాను నిలబడుతుంది. ఎవరి భక్తి ఎంతో గాని, ఆ గోవింద లేకుండా అక్కడ ఒక్క బండీ లేవలేదు.

ఆ సాలకు పెత్తనం గుంటనక్క చెంగల్రాయుడిది. సుత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియదు గాని, పని ఎలా చెయ్యాలో పెద్ద చెక్క పలక మీద బొమ్మలు గీసి, దూలానికి వేలాడదీశాడు. నీడన కూర్చుని, దారిన పోయే బండిని చూసి గీసిన బొమ్మలవి. కింద తన పంజా ముద్ర కూడా వేసుకున్నాడు.

చీలలు కొట్టే పని తొమ్మిదేళ్ళపాటు కర్రన్న అనే ఎద్దుది. ఆ ఏడు మోకాళ్ళు పట్టేసి మానుకున్నాడు. అతని చోటికి అంకమ్మ అనే గాడిద వచ్చింది. ఇసుక మూటలు మోసి మోసి నడుం పోగొట్టుకున్న మనిషి. గాడిదను పట్టుకుని మనిషంటానేమిటని నవ్వకండి, కష్టపడేవాళ్ళను నేను అలాగే అంటాను. ఈ పని పోతే మళ్ళీ ఇసుక రేవే గతి. ఆ నడుంతో ఇంకో వేసవి బతకనని ఆమెకు తెలుసు.

అందుకే మొదటి రోజు పలక ముందు చాలాసేపు నిలబడింది. బొమ్మలో చీల తల పైకి, మొన కిందికి ఉంది. అలాగే కొట్టింది. గోవిందా అన్నారు, బండి లేచింది, సాల దాటింది, మలుపులో చక్రం ఊడింది. రెండో బండీ అంతే. ఈసారి గడ్డి అంతా వాగుపాలు, పక్కనే పోతున్న కుందేలుకు కాలు నలిగింది.

చెంగల్రాయుడు తోక ఝాడిస్తూ వచ్చాడు.

"ఏమే అంకమ్మా, చీల కొట్టావా, జడలో పువ్వు పెట్టావా?"

"పలకలో ఉన్నట్టే కొట్టానయ్యా. తల పైకి, మొన కిందికి."

"మరెందుకు ఊడింది?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు."

"నాకు పట్టింది. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని పెద్దలు ఊరికే అన్నారా? శుక్రవారం మృగరాజు సాల చూడ్డానికి వస్తున్నాడు. ఆయన ముందే నిన్ను ఇసుక రేవుకు సాగనంపుతాను."

దూలం మీద కూర్చున్న కాకి ఒకటి గొంతు సవరించుకుంది. "చక్రం ఊడితే గాడిద తప్పు, బండి నడిస్తే రాయుడుగారి గొప్ప. పంపకం భేషుగ్గా ఉంది!"

"నిన్నెవరు అడిగారు?"

"అడిగితే చెప్పడానికి నేనేమన్నా పంచాంగమా?" అంది కాకి.

అంకమ్మ ఆ సాయంత్రం వాగు ఒడ్డుకు వెళ్ళింది. కర్రన్న నెమరేస్తూ పడుకుని ఉన్నాడు.

"కర్రన్నా, నువ్వు చీల ఎలా కొట్టేవాడివి?"

"ఎలాగేముంది? మోకాళ్ళ మీద వంగి, ఇరుసు కిందికి మూతి పెట్టి, కిందినుంచి పైకి. అందుకేగా ఈ మోకాళ్ళు ఇలా అఘోరించాయి."

"కిందినుంచా! బొమ్మలో పైనుంచి ఉందే?"

"ఏ బొమ్మలో?"

"తొమ్మిదేళ్ళు నీ నెత్తి మీదే వేలాడిందిగదన్నా, ఆ పలకలో."

"ఓ, అదా! బల్లులు మీద పడకుండా కట్టారనుకున్నాను," అన్నాడు కర్రన్న. "సరేగాని, నువ్వే చెప్పు. పడుకున్న బండికి తల పైకి ఉండేట్టు కొట్టావు. గోవిందా అన్నాక ఆ తల ఎటుంటుంది?"

అంకమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "కిందికి..."

"తల కిందుంటే చీలను పట్టి ఆపేదేది? నాలుగు కుదుపులకు దాని దారి అది చూసుకుంటుంది. నిలబడ్డ బండిని చూసి గీసిన బొమ్మమ్మా అది. మనం పని చేసేది పడుకున్న బండికి."

"ఈ ముక్క ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

మర్నాడు తెల్లవారగానే అంకమ్మ నక్క దగ్గరికి వెళ్ళి, "రాయుడుగారూ, తప్పు దొరికింది. ఆ ఒక్క బొమ్మనూ తిప్పి గీస్తే చాలు," అంది.

నక్కకు మీసాలు అదిరాయి. "నా పలక తప్పా? తొమ్మిదేళ్ళు ఒక్క చక్రమైనా ఊడిందా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస! పలకను ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతాను."

ఆమె తల వంచుకుని బయటికొచ్చింది. కాకి వచ్చి భుజం మీద వాలింది.

"అక్కా, మొండివాడితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. రాయుడి పలకకు రాయుడే జవాబు చెప్తాడు. శుక్రవారం దాకా ఓపిక పట్టు."

"ఏం చేస్తావు?"

"పొగుడుతాను. అంతే."

"ఎవరికైనా దెబ్బ తగిలితే?"

"నువ్వు ముందే హెచ్చరించు. వింటే బతికిపోతాడు."

శుక్రవారం వచ్చింది, మృగరాజూ వచ్చాడు. నక్క వంగి వంగి దండాలు పెట్టి, "ప్రభూ, సాలలో అంతా సవ్యమే. ఈ గాడిద ఒక్కటే చీడ. దీన్ని తరిమేస్తే గడ్డి వానలకు ముందే చేరుతుంది," అన్నాడు.

సింహం అంకమ్మ వైపు చూశాడు. ఆమె నోరు తెరిచేలోగా కాకి కిందికి దిగింది.

"నిజమే ప్రభూ! మేమంతా మట్టిబుర్రలం. ఆ పలక చూడండి, ఎంత చక్కని బొమ్మలో! దాన్ని గీసిన చెయ్యి ఒక్క బండి కట్టి చూపిస్తే మాకూ పని పట్టుబడుతుంది. మీకూ వేడుక."

"బాగుంది. కట్టు రాయుడూ," అన్నాడు సింహం.

రాజు ముందు కాదంటాడా? పైగా పొగడ్త తలకెక్కింది. పలక చూస్తూ చక్రాలు ఎక్కించాడు. చీల తీసి తల పైకి పెట్టాడు.

అంకమ్మ ముందుకొచ్చింది. "రాయుడుగారూ, ఒక్క మాట. బండి తిరగబడ్డాక ఆ చీల తల ఎటుంటుందో ఆలోచించండి."

"రాజుగారి ఎదుట గాడిద పాఠమా! తప్పుకో." ఠక్ ఠక్‌మని రెండు చీలలూ కొట్టేశాడు.

ఏనుగు తొండం వేసింది. గోవిందా! బండి లేచి నిలబడింది.

"ఎక్కి ఊరేగండి రాయుడుగారూ, మా కళ్ళు చల్లబడతాయి," అంది కాకి.

"ఎక్కకండయ్యా, మీ మేలు కోరి చెప్తున్నాను," అంది అంకమ్మ.

నక్క ఎక్కాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. కోడెలు కదిలాయి. పది అడుగులు, ఒక రాయి, ఒక కుదుపు. టింగ్‌మని చీల జారి పడింది. చక్రం బండికంటే ముందు నడుస్తూ, రాజుగారికి పక్కనుంచి గౌరవంగా దారి ఇచ్చి, వాగులోకి దిగింది. బండి ఒరిగింది. చెంగల్రాయుడు ఎగిరి, ఇరుసులకు పూసే కందెన తొట్టిలో పడ్డాడు. పైకి లేచినప్పుడు కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఈ చీల ఎవరు కొట్టారు?" అన్నాడు సింహం.

నక్క గొణిగాడు: "ఇనుము... ఇనుము మంచిది కాదు ప్రభూ."

"అంకమ్మా, అదే ఇనుముతో నువ్వు కొట్టు."

వాగులోంచి చక్రం తెచ్చారు, బండిని మళ్ళీ పడుకోబెట్టారు. అవే చీలలను ఆమె మోకాళ్ళ మీద వంగి కిందినుంచి కొట్టింది. గోవిందా! ఆ బండి నిండా గడ్డితో మెరక ఎక్కి, దిగి, వాకిట్లోకొచ్చి నిలబడింది. చీల తల పైన ఠీవిగా కూర్చుని ఉంది.

"ఇక్కడినుంచి నిన్ను ఎవరూ పంపరు," అన్నాడు సింహం. "ఇంకేమైనా చెప్పాలా?"

"బండిని ఎత్తు దిమ్మెల మీద పడుకోబెడితే వంగే పని లేదు ప్రభూ. కర్రన్న మోకాళ్ళు ఎలాగూ పోయాయి. మా మోకాళ్ళైనా మిగులుతాయి."

దిమ్మెలు వచ్చాయి. పలక దూలం మీదినుంచి కళ్ళకు అందేంత కిందికి దిగింది. రాజు ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు: కొత్తగా చేరినవాళ్ళు పలక చూస్తూ పని చెయ్యాలి, చెంగల్రాయుడు బొగ్గు ముక్క పట్టుకుని పక్కన నిలబడాలి, వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ బొమ్మ దిద్దాలి.

వారం తిరక్కుండా ఒక అడవిపంది పనిలో చేరింది. మూడో బొమ్మ దగ్గర ఆగి బుర్ర గోక్కుంది. చెవుల్లో ఇంకా కందెన వదలని నక్క అంకమ్మ పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగాడు:

"అంకమ్మగారూ, ఇక్కడెందుకు ఆగిందంటారు?"

"నన్నడుగుతారేం రాయుడుగారూ? దాన్నే అడగండి," అంది అంకమ్మ.

దూలం మీద కాకి నవ్విన నవ్వుకు రెండు బల్లులు కింద పడ్డాయి.

హారతి గంట మోగుతోంది, లేవండి తల్లీ. ఇంటికి పోతూ ఈ ఒక్క మాట కొంగున ముడేసుకోండి: పనివాణ్ణి తిట్టేముందు, పలకను ఒకసారి తిప్పి చూడు.